ఒడాలిస్ ఇంట్లో కొలతలు తీసిన అతిథి

మంగళవారం ఎండ నడినెత్తికెక్కిన వేళ సైకిల్ రిక్షా ఒకటి వచ్చి గదులు అద్దెకిచ్చే ఒడాలిస్ ఇంటిముందు ఆగింది. దిగినవాడు నలభై దాటిన మనిషి. పలచటి జుట్టు, చేతిలో ఒక చిన్న పెట్టె. కమగ్వే ఊరి ఎండలో పడి వచ్చిన అతిథులు గుమ్మం దాటగానే అడిగేవి రెండే: మంచినీళ్ళు, ఫ్యాను. ఇతను ఏమీ అడగలేదు. పెట్టె కింద పెట్టి, ముందుగది నేలమీది పలకల్ని చూస్తూ నిలబడిపోయాడు. నల్లవీ పసుపువీ, మధ్యలో ఎర్రపువ్వు ఉన్న పాతకాలపు పలకలు.

"ఇంకా ఉన్నాయే!" అన్నాడు తనలో తను.

ఆ మాట ఒడాలిస్ చెవిన పడింది. పడి, గుండెలో ముల్లులా దిగింది. మొదటిసారి చూసినవాడు 'బావున్నాయే' అంటాడు గాని 'ఇంకా ఉన్నాయే' అని ఎందుకంటాడు?

ఒడాలిస్ కంగారు మనిషని ఆ వీధిలో పిల్లలకి కూడా తెలుసు. ముప్ఫయ్యొక్కేళ్ళు మందుల షాపులో కౌంటరు వెనక నిలబడి పనిచేసింది. డాక్టరు రాసిన చీటీ మూడుసార్లు చదివేది, సీసామీది పేరుతో పోల్చుకునేది, అప్పటికీ తృప్తి లేక, మందు పట్టుకెళ్ళిన మనిషి వెనకాలే వీధి మలుపుదాకా పరిగెత్తి "ఒక్కసారి చూపించమ్మా" అనేది. అన్నేళ్ళలో ఒక్క మందూ తప్పు ఇవ్వలేదు. ఆ పుణ్యానికి ఆవిడ కడుపులో పుండు మాత్రం మిగిలింది. ఉద్యోగం అయ్యాక వచ్చే పింఛను ఏ మూలకీ చాలక, లోపలి వాకిట్లోకి తెరుచుకునే రెండు గదులకి సున్నం వేయించి, లైసెన్సు తీసుకుని, వీధి తలుపుమీద గదులు అద్దెకిస్తామని తెలిపే నీలం గుర్తు అంటించింది. ఆరేళ్ళయింది. ఈ ఆరేళ్ళూ కొత్త బెంగలు. కుళాయి మూడురోజులకోసారి వస్తుంది, ట్యాంకు నిండిందా? గుడ్లు దొరుకుతాయా? అతిథి స్నానంలో ఉండగా కరెంటు పోతే?

"మా ఆవిడ నిద్రలో కూడా ట్యాంకు మూత తీసి చూసుకుంటుంది," అని మొగుడు ఎవేలియో అందరితోనూ చెప్పి నవ్వేవాడు. ఎవేలియో రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. పెద్ద పొట్ట, నిదానపు నడక. రైలు పట్టాలు తప్పితే తప్ప కంగారు పడకూడదని అతని సిద్ధాంతం.

అయితే ఒడాలిస్‌కి ఈ బెంగలన్నిటికీ అడుగున ఇంకొకటుంది. అది తండ్రి ఇచ్చిపోయింది. ఈ ఇల్లు ఒకప్పుడు సొకర్రాస్ అనే డాక్టరుది. విప్లవం వచ్చాక, అరవై ఒకటిలో ఆయన పెళ్ళాం బిడ్డలతో విమానమెక్కి వెళ్ళిపోయాడు. ఖాళీ ఇల్లు సర్కారుపరమైంది. రెండేళ్ళు పోయాక వాకిలి నడుమ గోడకట్టి రెండు కుటుంబాలకి చెరి సగం ఇచ్చారు. ఒక సగం రైల్వే కూలీ వెన్సెస్లావ్‌కి వచ్చింది. అంటే ఒడాలిస్ తండ్రికి. అప్పటిదాకా ఆరుగురూ ఒకే గదిలో, పదిళ్ళకి ఒకే దొడ్డి ఉన్న బస్తీలో బతికినవాళ్ళు. అప్పుడు ఒడాలిస్‌కి మూడేళ్ళు. పట్టా చేతికొచ్చినా వెన్సెస్లావ్ చచ్చేదాకా ఆ ఇంట్లో చుట్టంలాగే మసిలాడు. మేకు కొట్టాలన్నా జంకేవాడు. "ఎవరైనా వచ్చి ఈ ఇంటి సంగతి ఆరాలు తీస్తే నోరు విప్పకండి. అడిగేవాళ్ళు ఊరికే అడగరు," అని పిల్లలకి చెప్పేవాడు.

అతిథి పేరు ఫెర్మీన్. స్పెయిన్‌లోని విగో ఊరివాడు. మధ్యాహ్నం అతని పాస్‌పోర్టు తీసుకుని ఒడాలిస్ రిజిస్టరు రాయడానికి కూచుంది. వచ్చినవాళ్ళ వివరాలు ఆ రోజే రాసి ఇమిగ్రేషన్ వాళ్ళకి చెప్పాలి. పేరు రాసింది. తండ్రి ఇంటిపేరు రాసింది. దాని పక్కన, అక్కడి రివాజు ప్రకారం, తల్లి ఇంటిపేరు రాయబోయి కలం ఆపేసింది.

సొకర్రాస్.

పాస్‌పోర్టు పట్టుకుని వంటింట్లోకి పరుగెత్తింది. ఎవేలియో స్టవ్వు బర్నరు విప్పి గుడ్డతో తుడుస్తున్నాడు.

"చూడు! ఇటు చూడు! ఏముందిక్కడ?"

ఎవేలియో కళ్ళజోడు ముక్కుమీదికి లాక్కుని చదివాడు. "సొకర్రాస్. అయితే?"

"అయితే ఏమిటి, అయితే! డాక్టరు మనవడు!"

"ఈ ఊళ్ళో రాయి విసిరితే సొకర్రాస్‌కి తగులుతుంది. బజార్లో పందిమాంసం అమ్మేవాడు సొకర్రాసే. వాడూ వచ్చి ఇల్లడుగుతాడా?"

"వాడు పలకలు చూసి 'ఇంకా ఉన్నాయే' అనలేదు."

ఎవేలియో బర్నరు తుడవడం ఆపాడు. బర్నరు తుడవడం ఆపాడు. అతను రెండోసారి చదవడం చూసి ఒడాలిస్‌కి ఇంకా భయమేసింది.

సాయంత్రం ఎదురింటి బ్లాసినా గుమ్మంలో ఊగుడు కుర్చీ వేసుకుని కూచుంది. డెబ్భయ్యేళ్ళ మనిషి. వీధిలోకి ఎవరొచ్చారో ఎవరెళ్ళారో ఆవిడకి తెలియకుండా జరగదు.

"ఏమే ఒడాలిస్, నీ ఇంటికి ఓనరొచ్చాడటగా?" అంది వీధికి అడ్డంగా, గొంతు తగ్గించకుండా.

"ఎవరన్నారక్కా?"

"నా కళ్ళన్నాయి. ఇందాక ఇటు నిలబడి మీ గోడకేసి ఎంతసేపు చూశాడో! ఆ ముక్కు చూడలేదూ? డాక్టరుగారి ముక్కే. దించి అంటించినట్టుంది. సామాన్లు సర్దుకోవే, నాకు మీ వాకిట్లో ఇనప పూలకుండీలు మాత్రం ఇచ్చిపో."

బ్లాసినాకి అది వేళాకోళం. ఒడాలిస్ లోపలికొచ్చి తలుపేసుకుని కూచుంది.

మర్నాడు పొద్దున ఫెర్మీన్‌కి బొప్పాయి ముక్కలు, గుడ్లట్టు, కాఫీ పెట్టింది. అతను మర్యాదస్తుడు. ప్రతిదానికీ "థాంక్స్ అమ్మా" అంటాడు. కానీ కళ్ళు కంచంమీద లేవు. వాకిట్లో వాననీళ్ళు పట్టే పెద్ద మట్టికాగుమీద, దాని వెనక గోడమీద, ఆ గోడ చివర ఉన్న గది తలుపుమీద.

"ఈ గోడ పాతదేనా అమ్మా?"

"ఏ గోడ?"

"ఈ మధ్యగోడ."

"నాకు తెలీదు," అంది ఒడాలిస్. తనకి ఊహ తెలిసిన నాటినుంచీ ఆ గోడకి ఆనుకుని కాఫీ తాగుతోంది. తెలీదంటే అతను నమ్మలేదని మొహం చూస్తేనే తెలిసింది.

అరగంట పోయాక దుప్పట్లు మార్చే వంకతో అతని గదివైపు వెళ్ళింది. తలుపు వారగా ఉంది. లోపల 'టక్' మని చప్పుడు. ఉక్కు టేపు లాగి వదిలితే వచ్చే చప్పుడు. సందులోంచి చూసింది. ఫెర్మీన్ మంచం అంచునుంచి గోడదాకా టేపు పరిచి, చిన్న పుస్తకంలో రాసుకుంటున్నాడు. తర్వాత లేచి, మడమకి వేళ్ళు ఆనిస్తూ, పెదాలు కదుపుతూ కిటికీదాకా నడిచాడు. తల అడ్డంగా ఊపి మళ్ళీ మంచం దగ్గరికొచ్చాడు.

ఒడాలిస్ చప్పున వెనక్కి తగ్గింది. ఇల్లు కొలుస్తున్నాడు!

బీరువా అడుగునుంచి బిస్కెట్ల డబ్బా తీసి సంచిలో పెట్టుకుంది. ఇంటి కాగితాలన్నీ అందులోనే. ఎవేలియోకి చెప్పకుండా గృహాల ఆఫీసుకి నడిచింది. ఆ ఊరి వంకరటింకర సందుల్లో పుట్టి పెరిగినది, ఆ రోజు రెండుసార్లు దారి తప్పింది. ఆఫీసులో గంటన్నర వరసలో నిలబడ్డాక, గోళ్ళకి గులాబీరంగు వేసుకున్న పిల్ల కాగితాలు తిరగేసి చూసింది.

"అన్నీ సరిగానే ఉన్నాయి ఆంటీ. పట్టా మీ పేరునే ఉంది. ఏమైనా అమ్ముతున్నారా?"

"లేదు."

"మరి ఎవరైనా గొడవ పెట్టారా?"

ఒడాలిస్ నోరు తెరిచింది. మా ఇంట్లో అతిథి టేపు పెట్టి కొలుస్తున్నాడని చెబితే? ఎవరతను అంటారు. పేరడుగుతారు. రేపు ఇంటికొస్తారు. అతన్ని పిలిచి కూచోబెడతారు. ఆ మర్యాదస్తుడు, ఆ థాంక్స్ అమ్మా... పైగా లైసెన్సు చూపించమంటారు.

"ఊరికే. వయసు మీదపడుతోంది కదా, ఒకసారి చూపించుకుందామని," అంది.

"డాక్టరు దగ్గరికెళ్ళినట్టు వచ్చారే!" అని నవ్వి ఆ పిల్ల డబ్బా ఇచ్చేసింది.

ఇంటికొచ్చేసరికి ఎవేలియో రొట్టె తేవడానికి వెళ్ళాడు. వాకిలి నిశ్శబ్దంగా ఉంది. చివరిగది తలుపు తెరిచి ఉంది. అది అద్దె గది కాదు, తనూ ఎవేలియో పడుకునే గది. గుమ్మంలో మోకాళ్ళమీద కూచుని, ఫెర్మీన్ గడపనుంచి లోపలికి టేపు జరుపుతున్నాడు.

నిన్నటినుంచీ లోపల దాచుకున్నదంతా ఒక్కసారి బయటికొచ్చింది.

"లెండి! లేవండక్కణ్ణుంచి! ఇది నా గది. ఇది నేను పడుకునే మంచం. మా అమ్మ ఈ గదిలోనే పోయింది. ఈ కప్పు కారితే మా నాన్న ఎక్కి బాగుచేశాడు, మీ తాత కాదు! మీరెవరో నాకు తెలుసు. పాస్‌పోర్టులో రాసుంది. ఇదిగో, కాగితాలు! చూసుకోండి, కొలుచుకోండి!"

డబ్బా మూత తీయబోయింది. అది జారి నేలమీద పడింది. కాగితాలు చెల్లాచెదురయ్యాయి. ఫెర్మీన్ టేపు వదిలేసి, ఆ కాగితాలు ఒక్కొక్కటే ఏరి, దుమ్ము దులిపి, చదవకుండా బోర్లించి ఆవిడ చేతికిచ్చాడు. అతని మొహం ఎర్రబడింది.

"నాకు ఇల్లు వద్దమ్మా," అన్నాడు. "ముందే చెప్పాల్సింది. మావాళ్ళు భయపెట్టారు. ఎవరి మనవడివో చెబితే గుమ్మం తొక్కనివ్వరన్నారు."

"మరి ఈ కొలతలెందుకు?"

అతను గడపమీదే చతికిలబడ్డాడు. "మా అమ్మ అంపారో. ఈ ఇంట్లో పుట్టి పదమూడేళ్ళదాకా ఉంది. రెండేళ్ళుగా మతి సరిగా లేదు. నన్ను వాళ్ళన్నయ్య అనుకుంటుంది. మా ఆవిణ్ణి నర్సనుకుంటుంది. తెల్లవారుజామున బాత్రూమ్‌కని లేచి, మంచం దిగి ఎడమపక్కకి తిరిగి నడుస్తుంది. మా ఫ్లాట్‌లో అటు బీరువా ఉంది. మూడుసార్లు గుద్దుకుంది. పోయిన నెల పడి మణికట్టు విరిగింది. తలుపు ఎవరు మూసేశారని ఏడుస్తుంది. ఆ తలుపు మా ఇంట్లో లేదమ్మా. ఇక్కడిది."

ఒడాలిస్ కాగితాలు డబ్బాలో పెట్టి మూత వేసింది.

"బీరువా తీసేసి, గది మొత్తం ఆవిడ తలలో ఉన్నట్టు సర్దేద్దామనుకున్నాను. మంచం ఎక్కడ, కిటికీ ఎక్కడ, తలుపుకి ఎన్ని అడుగులు. అడిగితే రోజుకో రకంగా చెబుతుంది. మంచంమీంచి చూస్తే మట్టికాగు కనిపిస్తుందని మాత్రం ఎప్పుడూ చెబుతుంది. నాకిచ్చిన గదిలోంచి కనిపించలేదు. పక్కదాంట్లోంచీ కనిపించలేదు. మిగిలింది ఇదొక్కటే. మీరు లేనప్పుడు చొరబడ్డం తప్పే. సిగ్గుగా ఉంది."

ఒడాలిస్ మంచంమీద కూచుంది. ముందు గుండె తేలికపడింది. ఆ వెంటనే, ఆఫీసులో ఆ పిల్లకి ఇతని పేరు చెప్పేదాన్నే కదా అని ఒళ్ళు జలదరించింది. మెల్లగా అంది: "ఈ గదికి బాత్రూమ్ తలుపు లేదు నాయనా. నాకు తెలిసి ఎప్పుడూ లేదు."

ఫెర్మీన్ తల దించుకున్నాడు. అంతదూరం వచ్చి, ఉన్న ఆశ కాస్తా పోయినవాడిలా గోడ చూస్తూండిపోయాడు.

అతన్నలా చూళ్ళేక ఒడాలిస్ లేచింది. వీధిలోకెళ్ళి, "బ్లాసినా అక్కా! ఒక్కసారి ఇటు రా! ఎగతాళి తర్వాత, ముందు రా!" అని కేకేసింది.

బ్లాసినా తల్లి డాక్టరుగారింట్లో బట్టలుతికేది. ఆ సంగతి వీధిలో అందరికీ తెలిసినా ఆవిడ నోటంట ఎవరూ వినలేదు. విషయం చెప్పాక ఆవిడ గది మధ్యలో నడుంమీద చేతులు పెట్టుకుని నిలబడి నాలుగు పక్కలా చూసింది.

"అంపారోకి మతి పోయిందా?" అంది చివరికి. "నా ఈడుదే. బొమ్మ ముట్టుకోనిచ్చేది కాదు, గడుగ్గాయి. కానీ దొంగచాటుగా నాకు చదవడం నేర్పింది." గౌను అంచుతో కళ్ళు ఒత్తుకుంది. "తలుపు లేకపోవడమేమిటే? ఉతికిన తువ్వాళ్ళు నేనే తెచ్చి లోపల పెట్టేదాన్ని. ఇదిగో, ఇక్కడ!"

బీరువా వెనక గోడమీద అరచేత్తో కొట్టింది. బోలుగా మోగింది. అప్పుడే రొట్టెతో వచ్చిన ఎవేలియో సంచి పక్కన పెట్టి బీరువా జరిపాడు. సున్నం కింద సన్నటి పగులు నిలువుగా మనిషెత్తు పోయి అడ్డంగా తిరిగింది. బాత్రూమ్ అవతలి కుటుంబానికిచ్చిన సగంలోకి పోయాక వెన్సెస్లావ్ ఎప్పుడో ఇటుకలతో మూసేసిన తలుపు అది. యాభై ఏళ్ళకి పైగా ఆ గదిలో పడుకున్న ఒడాలిస్‌కి తెలియదు.

"మీ నాన్న పని బాగా చేశాడు," అన్నాడు ఎవేలియో. "నా కన్నుకే దొరకలేదు."

మిగిలిన పగలంతా ఆ గదిలోనే గడిచింది. బ్లాసినా కుర్చీలో కూచుని హుకుములిచ్చింది. "మంచం అటు కాదయ్యా, కాళ్ళు కిటికీ వైపు. ఇంకా. ఇంకా జరుపు, పొట్ట అడ్డం తీసి!" మంచం సరైన చోటికొచ్చాక ఫెర్మీన్ దానిమీద పడుకుని కిటికీలోంచి చూశాడు. మట్టికాగు కనిపించింది. లేచి, ఎడమకి తిరిగి, కళ్ళు మూసుకుని నడిచాడు. ఏడడుగులకి చేతికి ఇటుకల తలుపు తగిలింది. పదమూడేళ్ళ పిల్ల అడుగులకి అయితే తొమ్మిదని బ్లాసినా అంది. ఇప్పటి ముసలిదాని అడుగులకీ తొమ్మిదే అవుతుందని ఒడాలిస్ అంది. ఎవేలియో ఫిట్టరు చేత్తో అట్టకాగితంమీద గది గీసి, కొలతలన్నీ పొందిగ్గా రాసిచ్చాడు.

ఇంత జరిగినా ఒడాలిస్ బెంగ పూర్తిగా పోలేదు. శుక్రవారం అతని ప్రయాణం. ఫలహారం దగ్గర మూడుసార్లు నోటిదాకా వచ్చి ఆగింది. నాలుగోసారి అడిగేసింది.

"నాయనా, ఇలా అడుగుతున్నానని ఏమనుకోకు. ఇల్లు నాకొద్దని ఒక కాగితం రాసిస్తావా?"

ఎవేలియో కాఫీ గిన్నెలోకి తల దూర్చాడు. ఫెర్మీన్ నవ్వలేదు, నొచ్చుకోలేదు. పుస్తకంలోంచి కాగితం చింపి, తన తరఫునా తల్లి తరఫునా రాసి, సంతకం పెట్టాడు.

"కానీ అబద్ధం చెప్పను అమ్మా. మయామీలో నాకు ఇద్దరు మేనమామలున్నారు. పెద్దాయన ఇప్పటికీ ఈ ఇంటి ఫోటో హాల్లో పెట్టుకున్నాడు. ఆయన తరఫున నేను రాయలేను."

"ఆయన వయసెంత?"

"ఎనభై ఒకటి."

"ఆరోగ్యంగా ఉన్నాడా?" అని అడిగి, ఏమడిగిందో తెలిసి నాలిక్కరుచుకుంది. ఎవేలియో ఇక ఆపుకోలేక పొట్ట ఊగేలా నవ్వాడు. ఫెర్మీన్ కూడా నవ్వాడు. ఒడాలిస్ మాత్రం ఆ కాగితం నాలుగు మడతలు పెట్టి, బిస్కెట్ల డబ్బాలో పట్టా కింద దాచింది.

ఏడు వారాల తర్వాత విగోనుంచి ఫోనొచ్చింది. ఆ ఏడు వారాలూ ఒడాలిస్ కొలత ఏదైనా తప్పుగా రాశామేమోనని, తమ మూలాన ముసలావిడ మళ్ళీ పడిందేమోనని నలిగిపోయింది. రెండుసార్లు ఎవేలియో చేత గది మళ్ళీ కొలిపించింది.

"ఎలా ఉంది అమ్మకి?"

"నన్ను గుర్తుపట్టట్లేదమ్మా. తిండి కూడా తగ్గింది," అన్నాడు ఫెర్మీన్. ఒడాలిస్ కుర్చీ లాక్కుని కూచుంది. "కానీ మంచం దిగి ఎడమకి తిరిగి తలుపు తీసుకుని వెళుతోంది. ఒక్కతే. ఇంతవరకూ మళ్ళీ పడలేదు. గోడమీద మీ మట్టికాగు ఫోటో పెద్దది చేయించి పెట్టాను. పొద్దున్నే లేచి దాన్ని చూసి, వానపడిందా, నిండిందా అని అడుగుతుంది."

"నిండిందని చెప్పు," అంది ఒడాలిస్. "నిన్న నిజంగానే వానపడింది. అంచులదాకా ఉన్నాయి నీళ్ళు."

ఫోను పెట్టేసి వంటింట్లోకి వచ్చింది. మధ్యాహ్నానికి ఇద్దరు అతిథులు వస్తున్నారు. గుడ్లు మూడే ఉన్నాయి. ఎవేలియోని లేపి బజారుకి పంపింది. అతను వీధి మలుపు తిరిగేలోగా వెనకాలే పరిగెత్తి, సంచిలో కన్నమేమైనా ఉందేమో ఒక్కసారి చూపించమంది.